2,763 సంతకాలు: హాస్టల్ పిల్లల తరఫున ఒప్పుకున్నదెవరు?

పోస్టు పెద్దదే, తీరిక చేసుకుని చదవండి.

మొన్న గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు. "అక్కా, స్కూల్లో సర్వే అని కాగితాలిచ్చారు. నాన్న తాగుతాడా, ఇంట్లో కొట్టుకుంటారా, నీకెవరైనా ఇష్టమా, అన్నీ అడుగుతున్నారు. రాయాలా, మానాలా?" ఇంట్లో చెప్పావా అన్నాను. "మా ఊళ్ళో సిగ్నల్ ఎక్కడిదక్కా" అన్నాడు. రాయి అనో, మానెయ్ అనో ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ దీని వెనక మన హాస్టల్ పిల్లల చరిత్ర ఒకటుంది. అది తెలీకుండా జవాబు చెప్తే సగం జవాబే అవుతుంది. మన చరిత్ర అంటే రంప పితూరీ, మన్యం తిరుగుబాటు అని ఇక్కడ చాలాసార్లు రాసుకున్నాం. ఇది తుపాకుల చరిత్ర కాదు, ఫారాల చరిత్ర.

2009 జూలై 9న అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో, ఖమ్మం జిల్లాలో ఒక కార్యక్రమం మొదలైంది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా అది. ఆరు నెలల్లో మూడు డోసులు. అమెరికాలోని సియాటిల్‌కి చెందిన పాత్ అనే సంస్థ, మన ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపాయి. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. గార్డసిల్ అనే ఆ టీకాని మెర్క్ కంపెనీ ఉచితంగా ఇచ్చింది. ఒక్క ఖమ్మంలోనే సుమారు 14 వేల మంది పిల్లలకి వేశారు. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో కూడా ఆగస్టు నుంచి ఇలాగే ఇంకో కంపెనీ టీకా వేశారు. పేరు మాత్రం ప్రయోగం అని పెట్టలేదు, ప్రదర్శనా ప్రాజెక్టు అన్నారు. అంటే ఈ టీకాని ప్రభుత్వం అందరికీ వెయ్యడం వీలవుతుందా లేదా అని చేసి చూడ్డం.

ఖమ్మంలో టీకాలు ఎక్కువగా బడుల్లోనే వేశారు. ఎందుకో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ వయసు ఆడపిల్లలు ఒక్క చోట వందల్లో దొరికేది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో. ఊరూరూ తిరగక్కర్లేదు, కొండలెక్కక్కర్లేదు. గంట కొడితే లైన్లో నిలబడతారు. తల్లీ తండ్రీ దగ్గర ఉండరు. ఎవరన్నా సర్వే చెయ్యాలన్నా, రక్తం తియ్యాలన్నా, కొత్త మాత్ర ఇచ్చి చూడాలన్నా ఇంత సుళువైన చోటు ఇంకోటి లేదు. వచ్చిన వాళ్ళంతా చెడ్డోళ్ళని నేననడం లేదు. సుళువుగా దొరకడమే మనకి వచ్చిన చిక్కు.

2010 మార్చిలో కొందరు మహిళా సంఘాల వాళ్ళు, సమ అనే సంస్థ వాళ్ళు భద్రాచలం వచ్చి పిల్లలతో, తల్లిదండ్రులతో మాట్లాడారు. ఇది సర్కారోళ్ళ టీకా, మంచిదట, అంతవరకే పిల్లలకి తెలుసు. ఇందులో ఒక అధ్యయనం ఉందని, వద్దు అనే హక్కు ఉందని చెప్పలేదు. హాస్టల్లో ఉన్న పిల్లల తల్లిదండ్రుల్లో చాలామందికి టీకా వేసిన సంగతే తెలీదు. ఈలోపు టీకా వేయించుకున్న పిల్లల్లో కొందరు చనిపోయారన్న వార్త బయటికొచ్చింది. రాజ్యసభలో బృందా కారత్ దీన్ని లేవనెత్తారు. ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపించింది.

ఇక్కడొక మాట స్పష్టంగా చెప్పాలి, లేకపోతే ఈ పోస్టుని ఎవరో ఒకరు టీకా వ్యతిరేక పోస్టు కింద ఫార్వర్డ్ చేస్తారు. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఆ చావులకీ టీకాకీ సంబంధం కనబడలేదని ప్రభుత్వ విచారణ చెప్పింది. ఆ విచారణ సరిగా జరగలేదని తర్వాత పార్లమెంటు సంఘం తప్పుబట్టింది. హెచ్‌పీవీ టీకా అయితే ప్రపంచమంతా వాడుతున్నదే, ప్రపంచ ఆరోగ్య సంస్థ వెయ్యమని చెప్తున్నదే. మా చెల్లికి వేస్తానంటే నేనే దగ్గరుండి వేయిస్తాను. నా గొడవ సూది గురించి కాదు. సూదికి ముందు పెట్టిన సంతకం గురించి.

విచారణలో ఆంధ్రప్రదేశ్ వైపు అంగీకార పత్రాలు 9,543 చూశారు. అందులో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి. అంటే ప్రతి వంద మంది పిల్లల్లో దాదాపు 29 మంది తరఫున "నాకు అంతా వివరించారు, నా బిడ్డకి టీకా వెయ్యడానికి ఒప్పుకుంటున్నాను" అనే లాంటి కాగితం మీద వాళ్ళ అమ్మా సంతకం పెట్టలేదు, నాన్నా పెట్టలేదు. వార్డెన్ పెట్టాడు.

పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం 2013 ఆగస్టు 30న ఇచ్చిన 72వ నివేదికలో ఈ లెక్కలున్నాయి. ఈ నివేదిక గురించి మన గ్రూపులో ఇంతవరకు ఎవరూ రాయకపోవడం నాకు ఆశ్చర్యమే. పేరేదైనా పెట్టుకోండి, జరిగింది మందుల పరీక్షే, దాని నియమాలు పాటించలేదు అని సంఘం గట్టిగానే రాసింది. వార్డెన్ల సంతకాలు నియమాలకి విరుద్ధమని చెప్పింది. వేలిముద్రల సంగతీ చిన్నది కాదు. చదవడం రాని మనిషి దగ్గర వేలిముద్ర తీసుకుంటే, మొదట్నించీ చివరిదాకా పక్కన సంబంధం లేని సాక్షి ఒకరు ఉండి సంతకం పెట్టాలని మందుల పరీక్షల నియమాల్లో అప్పటికే ఉంది. చదవలేని వాళ్ళని మోసం చెయ్యకూడదని రాసుకున్న నియమం అది. సాక్షి లేని వేలిముద్రకి అర్థం ఏముంటుంది? ఇంకు మరక, అంతే.

తర్వాత కొందరు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. కల్పనా మెహతా కేసు అంటారు. అందులో 2018 మే 9న రాజ్యాంగ ధర్మాసనం ఒక తీర్పిచ్చింది. అది కూడా పిల్లల గురించి కాదు, పార్లమెంటు సంఘం నివేదికని కోర్టులో చూడొచ్చా కూడదా అనే ప్రశ్న మీద. చూడొచ్చు అన్నారు. మంచిదే. కానీ 2009లో పదేళ్ళున్న పిల్లకి ఆ తీర్పు వచ్చేసరికి పందొమ్మిదేళ్ళు.

ఇప్పుడు వార్డెన్ సంగతి. ఆయన ఒక్కడినే తిట్టేస్తే పని తేలికైపోతుంది గానీ, అది న్యాయం కాదు. పై నుంచి ఆర్డరొస్తుంది. రేపటికల్లా ఫారాలు కావాలంటారు. పిల్లల ఊళ్ళు పాతిక ముప్పై కిలోమీటర్ల అవతల, కొన్నిటికి రోడ్డే లేదు. జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్ళేది ఆయనే, బట్టలిచ్చేది, తిట్టేది ఆయనే. నేను తండ్రిలాంటోణ్ణే కదా అనుకుంటాడు. చట్టంలో కూడా కొంచెం సందుంది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలో సంరక్షకుడంటే మైనరు బాగోగులు చూసే మనిషి అనే అర్థం వచ్చేలా రాశారు. ఆ ముక్క పట్టుకుని వార్డెనే సంరక్షకుడని వాదించొచ్చు. కానీ అన్నం పెట్టే అధికారం వేరు, ఒంటి గురించీ ఇంటి గురించీ ఒప్పుకునే అధికారం వేరు. పైగా వార్డెన్ ప్రభుత్వ ఉద్యోగి. అడిగేది ప్రభుత్వం, ఒప్పుకునేది ప్రభుత్వ ఉద్యోగి. అడిగినవాడే జవాబు చెప్పుకున్నట్టు.

నా సంగతి కూడా ఒకటి చెప్తాను. ఎనిమిదో తరగతిలో మా బడికి ఎవరో ఫారాలు పట్టుకొచ్చారు. నెలసరి ఎప్పుడు మొదలైంది, అప్పుడు ఇంట్లో ఎక్కడ పడుకోబెడతారు, నాన్న సంపాదన ఎంత, అమ్మని కొడతాడా. పైన పేరు, ఊరు, కులం. "తొందరగా రాయండే, భోజనం టైమవుతోంది" అన్నారు మా మేడం. రాసేశాం. నా పక్కన కూర్చున్న పిల్ల కొడతాడు అని రాసి, గబగబా కొట్టేసి, మళ్ళీ రాసింది. ఆ కాగితాలు ఎటెళ్ళాయో, ఎవరు చదివారో ఇవాళ్టికీ తెలీదు. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు అమ్మకి చెప్తే, "మనింటి మాట వాళ్ళకెందుకే" అంది. అమ్మ వేలిముద్ర ఆ బడి కాగితాల్లో ఒక్క చోటే ఉంది, చేర్పించిన రోజు ఫారం మీద. దాంట్లో ఏం రాసుందో ఆరోజు ఎవరూ చదివి చెప్పలేదు. చెప్పినా పుస్తకాల తెలుగులో చెప్పుంటారు. మా ఇంట్లో మాట్లాడేది కోటియా ఒడియా. పాడేరు వైపు ఒక్కో లోయలో ఒక్కో భాష. కువి ఉంది, గదబ ఉంది, పోర్జ ఉంది. అంగీకార పత్రం మాత్రం ఎక్కడికెళ్ళినా ఆఫీసు భాషలోనే ఉంటుంది.

మన గురించి మనల్ని అడక్కుండా రాసుకోవడం కొత్త కాదు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చు వేయించాడు, కె. రంగాచారి సాయంతో. బగత, కొండదొర, గదబ, పోర్జ, కోందు, అందరం ఉన్నాం అందులో. ఆయన మనుషుల తలలు, ముక్కులు కొలిచేవాడు, పరికరాలు వెంటేసుకుని తిరిగేవాడు. ఆ పుస్తకాలు ఇప్పటికీ పనికొస్తాయి, నేనూ లైబ్రరీలో చూశాను. కానీ ఏ పేజీలోనూ "ఈ మనిషి ఒప్పుకున్నాడు" అని ఉండదు. ఆ రోజుల్లో ఆ ప్రశ్నే లేదు. ఆ తర్వాత రెండేళ్ళకి, 1911లో, క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని కొత్తగా రాసి మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చారు. ఆ చట్టం కింద నమోదైన కులాల వాళ్ళ పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి బడుల్లో పెట్టే అధికారం సర్కారుకి ఉండేది. తల్లిదండ్రుల మాట అవసరం లేదని చట్టంలోనే రాసి ఉన్న రోజులవి. ఇప్పుడు చట్టం అవసరం అంటుంది. ఆచరణ ఎక్కడుందో పైన చూశాం.

ఇదే ప్రశ్న అమెరికాలో ఎలా నడిచిందో చదివితే నాకు కొంచెం కుళ్ళు పుట్టింది. అక్కడ 1970ల్లోనే విద్యార్థుల హక్కుల రక్షణ అని ఒక చట్ట సవరణ వచ్చింది. కేంద్ర విద్యాశాఖ డబ్బుతో నడిచే సర్వేలో పిల్లలు తప్పనిసరిగా పాల్గొనాలంటే, కొన్ని సొంత విషయాలు అడిగే ముందు తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం కావాలి. ఇప్పుడా విషయాలు ఎనిమిది. రాజకీయ అభిప్రాయాలు, మానసిక సమస్యలు, లైంగిక విషయాలు, మతం, ఆదాయం, కుటుంబ సభ్యుల మీద విమర్శ, ఇలాంటివి. మన తమ్ముడికిచ్చిన కాగితంలో వీటిలో కనీసం మూడున్నాయి.

అక్కడా చట్టం ఉన్నంత మాత్రాన సరిపోలేదు. 1999లో న్యూజెర్సీలోని రిడ్జ్‌వుడ్ అనే ఊళ్ళో ఏడు నుంచి పన్నెండో తరగతి పిల్లలకి 156 ప్రశ్నల సర్వే పెట్టారు. మందు, మత్తు పదార్థాలు, ఆత్మహత్య ఆలోచనలు, అమ్మానాన్నలతో ఎలా ఉంటారు, అన్నీ. కొందరు తల్లులు కోర్టుకెక్కారు. ఏళ్ళ తరబడి నడిచి 2005లో అప్పీలు కోర్టులో వాళ్ళు ఓడిపోయారు. కానీ ఆ గొడవ వల్లే 2002లో న్యూజెర్సీ రాష్ట్రం ముందస్తు రాతపూర్వక అంగీకారం ఉండాలని సొంత చట్టం చేసుకుంది. కేసు ఓడి చట్టం గెలిచారన్నమాట. వాళ్ళు చదువుకున్న తల్లిదండ్రులు, లాయర్ని పెట్టుకోగలరు, పిల్లలు సాయంత్రానికి ఇంటికొస్తారు. భద్రాచలం అడవిలో పిల్ల దసరాకో సంక్రాంతికో ఇల్లు చేరుతుంది.

మన దేశంలో ఇలాగ బడి సర్వేల కోసమే ప్రత్యేక చట్టం లేదు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలున్నాయి. పరిశోధనలో పిల్లలుంటే తల్లిదండ్రుల అంగీకారంతో పాటు పిల్లల ఒప్పుదల కూడా తీసుకోవాలి. ఏడు నుంచి పన్నెండేళ్ళ దాకా నోటిమాటగా, ఆపైన పద్దెనిమిది వరకు రాతలో. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వాళ్ళు కూడా 15 నుంచి 17 ఏళ్ళ పెళ్ళికాని అమ్మాయిల్ని అడిగే ముందు ఇంట్లో పెద్దవాళ్ళనడిగి, తర్వాత అమ్మాయిని అడుగుతారు. పద్ధతి తెలీక కాదు, తెలుసు. ఇంటికొచ్చి అడిగేవాళ్ళు పాటిస్తారు, ఎందుకంటే గుమ్మంలో అమ్మ కూర్చునుంటుంది.

2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని 9వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్ళలోపు వాళ్ళ వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల దగ్గర, లేదా చట్టబద్ధ సంరక్షకుడి దగ్గర, సరిచూసుకోగల అంగీకారం ఉండాలి. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ఈ సెక్షన్ పూర్తిగా అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే ప్రాంతం. ఇది చదివి మొదట సంబరపడ్డాను. తర్వాత 17వ సెక్షన్ దాకా వెళ్ళాను. పరిశోధనకీ గణాంకాలకీ వాడే డేటాకి, ఒక్కో మనిషి మీద నిర్ణయం తీసుకోవడానికి వాడకపోతే, కొన్ని ప్రమాణాలు పాటిస్తే, ఈ చట్టం వర్తించదట. సర్వే అంటేనే పరిశోధన, గణాంకం కదా! ఇంకోటి, కాగితం మీద రాసి బీరువాలో పెట్టి, కంప్యూటర్లోకి ఎక్కించకపోతే అసలు ఈ చట్టం పరిధిలోకే రాదు. గేమ్ యాప్ వాడు మా తమ్ముడి వయసు సరిచూసుకోవాలి, హాస్టల్లో ఫారం పంచినవాడికి దారి తెరిచే ఉంది. "చట్టబద్ధ సంరక్షకుడు" అన్న మాట దగ్గర మళ్ళీ వార్డెన్ వచ్చి కూర్చుంటాడేమో అన్న భయం కూడా నాకుంది. వార్డెన్ కాదు అని ఒక్క వాక్యం రాసుంటే ఏం పోయేది?

దీనికి రెండో వైపు ఉంది. మా రూమ్మేట్‌తో దీని మీద అర్ధరాత్రి దాకా వాదన అయింది. "ఇంట్లోనే కొట్టే నాన్నుంటే? ఆయన్ని అడిగి సర్వే చేస్తే ఆ పిల్ల నోరు తెరుస్తుందా?" అంది. నిజమే. 2007లో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 13 రాష్ట్రాల్లో, మన రాష్ట్రంతో కలిపి, 12,447 మంది పిల్లల్ని హింస గురించి అడిగింది. అందులో 53 శాతం మంది ఏదో ఒక రకం లైంగిక వేధింపు జరిగిందని చెప్పారు. ఆ లెక్క బయటికి రావడం 2012లో పోక్సో చట్టం రావడానికి ఒక కారణం. పిల్లల్ని అడక్కపోతే ఆ సంగతి బయటపడేదే కాదు. అందుకే సర్వేలే వద్దనే మాటతో నేను లేను. అలాంటి విషయం అడగాలంటే ముందు నైతిక కమిటీ చూడాలి, పేరు రాయించకూడదు, పక్కన టీచరు నిలబడకూడదు, ఏడ్చిన పిల్లని ఓదార్చే మనిషి ఉండాలి. మా బడికొచ్చిన ఫారంలో ఇవేమీ లేవు, పైన పేరు మాత్రం ఉంది. తల్లిదండ్రుల్ని పక్కన పెట్టింది పిల్లని కాపాడ్డానికి కాదు, బస్సు ఖర్చు మిగుల్చుకోడానికి. ఈ రెండూ ఒకటి కాదని రూమ్మేట్ కూడా ఒప్పుకుంది, పడుకునే ముందు.

తమ్ముడూ, ఇక నీ ప్రశ్న. మీ సార్‌ని మర్యాదగానే మూడు అడుగు. ఇది ఎవరు చేస్తున్నారు? పేరు రాయకుండా ఇవ్వొచ్చా? మా ఇంటోళ్ళకి చెప్పారా? ఇష్టం లేని ప్రశ్న ఖాళీగా వదిలెయ్, దానికి మార్కులేం పోవు. కాగితానికి ఫోటో తీసి నాకు పంపు, మీ హాస్టల్ పేరు ఎక్కడా పెట్టను. ఆదివారం చోడవరం నుంచి మాడుగుల మీదుగా పాడేరు బస్సులో మా ఊరెళ్తున్నాను. మీ ఊరు దారిలోదే అయితే మీ అమ్మకి కబురు నేనే చెప్తాను.

ఇంకో మాట. 2009, 2010లో భద్రాచలం, కొత్తగూడెం వైపు హాస్టళ్ళలో ఉన్న అక్కలెవరైనా ఈ గ్రూపులో ఉన్నారా? అప్పటి భద్రాచలం డివిజన్లోని చింతూరు, వీఆర్ పురం, కూనవరం 2022లో మన అల్లూరి జిల్లాలో కలిశాయి కదా. అప్పటి పిల్లలకి ఇప్పుడు పాతికేళ్ళు దాటి ఉంటాయి. మీకు ఆ రోజు ఏం చెప్పారో, ఇంట్లో ఎప్పుడు తెలిసిందో గుర్తుంటే నాకు విడిగా రాయండి. మీరు సరే అంటేనే ఇక్కడ పెడతాను.